కల్చర్ డిష్‌లో కండర కణాలకు గీతలు తెప్పించడం ఎలా

సీ2సీ12 అనే ఎలుక కండర కణాలను పెంచే ప్రయోగశాలల్లో తరచుగా జరిగేది ఒకటుంది. కణాలను కండరపు దారికి మళ్లించే గుర్రపు సీరం వేసిన ఐదో రోజున డిష్‌ను సూక్ష్మదర్శిని కింద పెడితే కణాలు కలిసిపోయి ఏర్పడిన పొడవాటి, బలిసిన మయోట్యూబ్‌లు వరసగా పరుచుకుని ఉంటాయి. పెంచిన విద్యార్థి సంతోషిస్తాడు, గైడ్ తల ఊపుతారు, ఫొటో థీసిస్‌లోకి ఎక్కుతుంది. అదే డిష్‌ను ఫిక్స్ చేసి, ఆక్టిన్ అనే తంతు ప్రోటీన్‌కు ఫాలాయిడిన్‌తో రంగు వేసి, 60 రెట్ల ఆబ్జెక్టివ్‌తో చూస్తే మాత్రం కండరానికి ఆనవాలైన అడ్డగీతలు ఎక్కడా కనిపించవు; కొస నుంచి కొసకు సాగిన నున్నటి తంతువులు మాత్రమే ఉంటాయి. కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి గానీ, వాటిలో సంకోచించే యంత్రం ఇంకా తయారు కాలేదు.

చాలామంది ఈ దోషాన్ని సీరం మీదో, కణాల వయసు మీదో వేస్తారు. అవీ కారణాలే కావచ్చు. కానీ నేను చూసినంతలో లోటు ఎక్కువసార్లు కణం కింద ఉంటుంది. కండర కణం తన సార్కోమియర్లను (కుదించుకునే చిన్న భాగాలను; గీతలకు మూలం ఇవే) కట్టుకునేది దేన్నో ఒకదాన్ని పట్టుకుని లాగుతూనే. ఆ పట్టు మరీ గట్టిదైనా మరీ మెత్తనిదైనా కట్టడం సగంలో ఆగిపోతుంది. కణానికి సరైన పట్టు ఎలా ఇవ్వాలో, గీతలు వచ్చాయో లేదో ఎలా తేల్చుకోవాలో, అవి పుట్టించిన బలం ఎటు పోతుందో ఎలా చూడాలో ఇక్కడ వివరిస్తాను. కణాలను పెంచడంలో కనీస అనుభవం ఉన్నవారిని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ఏం కనిపించాలో ముందు తెలియాలి

రెండు జెడ్ గీతల మధ్య ఉన్న భాగం ఒక సార్కోమియర్. విశ్రాంతిలో ఉన్న కండరంలో దాని పొడవు సుమారుగా 2 నుంచి 2.5 మైక్రోమీటర్లు. జెడ్ గీత దగ్గర ఆల్ఫా-ఆక్టినిన్ అనే ప్రోటీన్ రెండు పక్కల నుంచి వచ్చిన సన్నని ఆక్టిన్ తంతువులను ముడివేసి ఉంచుతుంది. నడుమ 1.6 మైక్రోమీటర్ల పొడవున్న మందపాటి తంతువు ఉంటుంది; ఒక్కో తంతువు ఆక్టిన్‌ను పట్టి లాగే మయోసిన్ అణువులు సుమారు 300 కలిసిన కట్ట. జెడ్ గీత నుంచి సార్కోమియర్ నడిబొడ్డున ఉన్న ఎం గీత వరకు టైటిన్ అనే ఒకే ఒక అణువు సాగి ఉంటుంది. దాని బరువు 30 లక్షల డాల్టన్లకు పైమాటే. మందపాటి తంతువును మధ్యలో నిలిపి ఉంచే స్ప్రింగు ఇదే. కండరం కుదించుకున్నప్పుడు ఈ తంతువుల పొడవు మారదు, ఒకదాని మీదుగా ఒకటి జారుతాయి. ఈ సంగతిని 1954లో నేచర్ పత్రిక ఒకే సంచికలో రెండు జట్లు విడివిడిగా ప్రకటించాయి: ఆండ్రూ హక్స్‌లీ, రోల్ఫ్ నీడర్‌గెర్కె ఒక జట్టు, హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ మరో జట్టు. ఇంటిపేరు ఒకటే అయినా ఆ ఇద్దరు హక్స్‌లీలకు చుట్టరికం లేదు.

ఇంత క్రమమైన అమరిక ఒక్కసారిగా పుట్టదు. జీన్ సాంగర్, జోసెఫ్ సాంగర్‌ల బృందం 1990లలో ప్రతిపాదించిన క్రమం ప్రకారం, మొదట కణం అంచుల వెంట తొలి తంతువుల కట్టలు ఏర్పడతాయి. వాటిలో ఆల్ఫా-ఆక్టినిన్ చిన్న చిన్న చుక్కలుగా దగ్గరదగ్గరగా ఉంటుంది, వాటి మధ్య పనిచేసేది కండరేతర కణాల్లోనూ ఉండే రకం మయోసిన్. తరువాత టైటిన్, కండర మయోసిన్ వచ్చి చేరతాయి. చివరకు చుక్కలు ఎడమై, పక్క కట్టల చుక్కలతో వరస కలిసి, నిండు జెడ్ గీతలుగా మారతాయి. కండరేతర మయోసిన్ తప్పుకుంటుంది. ఈ క్రమంలో మధ్య దశ గురించి పరిశోధకుల్లో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. అయినా డిష్‌లో మీకు కనిపించే చిత్రాలను వరసలో పెట్టుకోవడానికి ఇంతకంటే అక్కరకొచ్చే పటం నాకు దొరకలేదు.

మగ్గం చూసినవారికి ఇక్కడి కీలకం వెంటనే తడుతుంది. పడుగు బిగించకుండా నేత మొదలుపెడితే పోగులన్నీ ఉన్నా బట్ట రాదు. కణంలోనూ అంతే: ఆక్టిన్, మయోసిన్, టైటిన్ అన్నీ తయారై ఉన్నా, తొలి కట్టలు రెండు కొసలా పట్టు దొరికి బిగుసుకుంటే తప్ప చుక్కలు వరసకు రావు. ఈగల రెక్క కండరాల మీద ఫ్రాంక్ ష్నోరర్ బృందం 2014లో చేసిన పని దీనికి మంచి ఆధారం. కండరం తన స్నాయువులకు అతుక్కున్నాక బిగువు పెరుగుతుంది, ఆ తరువాతే తంతువులు కండరం పొడవునా ఒకేసారి ఏర్పడతాయి. ఆ పట్టును తెంచితే అమరిక చెడిపోతుంది.

కణాలను ఆకలిగానూ, ఇరుకుగానూ ఉంచకండి

సీ2 కణశ్రేణిని 1977లో డేవిడ్ యాఫే, ఓరా సాక్సెల్ ఎలుక కండరం నుంచి వేరుచేశారు. దాని నుంచి హెలెన్ బ్లావ్ బృందం ఎంచి తీసిన ఉపశ్రేణే సీ2సీ12. మన విశ్వవిద్యాలయాల వారు కణశ్రేణులను సాధారణంగా పుణెలోని ఎన్‌సీసీఎస్ (నేషనల్ సెంటర్ ఫర్ సెల్ సైన్స్) కణ భాండాగారం నుంచి తెప్పించుకుంటారు. ఎక్కడి నుంచి వచ్చినా ముందు మైకోప్లాస్మా (కల్చర్‌ను పాడుచేసే బ్యాక్టీరియా) పరీక్ష చేయించి, తక్కువ పాసేజీలో (కొత్త ఫ్లాస్కుకు మార్చిన ప్రతి విడతా ఒక పాసేజీ) ఉండగానే పది పన్నెండు వయల్స్ ద్రవ నత్రజనిలో దాచుకోవడం మంచిది. పదిహేనో పాసేజీ దాటిన కణాలతో నేను గీతల ప్రయోగం పెట్టను.

పెంచేటప్పుడు ఎక్కువ గ్లూకోజు ఉన్న డీఎంఈఎం మీడియంలో 10 నుంచి 20 శాతం పిండ దూడ సీరం వేసి, 37 డిగ్రీల సెల్సియస్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ వద్ద ఉంచాలి. అడుగు 60, 70 శాతం నిండేసరికి తప్పనిసరిగా పాసేజ్ చేయాలి. ఇది చాదస్తం కాదు. కణాలు ఒకదాన్నొకటి తాకితే వాటిలో కలిసిపోగల మంచి కణాలు ముందుగా విభజన మానేసి జతకడతాయి. ఫ్లాస్కులో మిగిలి పెరిగేవి కలవడం చేతకాని కణాలు. ఒకసారి సంక్రాంతి సెలవులకు ముందు సగం నిండిన ఫ్లాస్కులను «ఏమవుతుందిలే» అని వదిలి ఊరెళ్లాను. తిరిగొచ్చేసరికి అడుగంతా కిక్కిరిసి, అక్కడక్కడ సన్నని ట్యూబులు కూడా లేచాయి. పారేయడానికి మనసొప్పక వాటినే ట్రిప్సిన్‌తో లేపి మళ్లీ వేశాను. ఆ తరువాత నెల రోజులు ఏ డిష్‌లోనూ చెప్పుకోదగ్గ మయోట్యూబ్ రాలేదు, సీరం లాట్ మీద అనవసరంగా నింద వేశాను. సెలవులు వస్తుంటే కణాలను ఫ్రీజ్ చేసి వెళ్లండి.

పట్టు: అసలు పని ఇక్కడే

ప్లాస్టిక్ డిష్ గట్టిదనం గిగాపాస్కల్స్‌లో ఉంటుంది, గాజుది అంతకంటే ఎక్కువ. సజీవ కండరం గట్టిదనం దాదాపు 12 కిలోపాస్కల్స్. అంటే మనం కణాన్ని దాని సహజ స్థానంతో పోలిస్తే లక్షల రెట్లు గట్టి నేల మీద కూర్చోబెడుతున్నాం. ఆడమ్ ఎంగ్లర్, డెన్నిస్ డిషర్‌ల బృందం 2004లో వేర్వేరు మెత్తదనాలున్న జెల్‌ల మీద సీ2సీ12 కణాలను పెంచి చూపింది: కణాలు కలిసి ట్యూబులుగా మారడం అన్ని చోట్లా ఒకే తీరుగా జరిగింది గానీ, గీతలు మాత్రం కండరంతో సమానమైన మెత్తదనం ఉన్న జెల్‌ల మీదే బాగా వచ్చాయి. గాజు మీద కణం నేలను గట్టిగా అంటిపెట్టుకుని మొండి తంతువులు కట్టుకుంటుంది. మరీ మెత్తని జెల్ మీద లాగడానికి ఎదురు బలం దొరకదు.

ఆ బృందమే చూపిన మరో సంగతి మనలాంటి సాదా ప్రయోగశాలలకు ఎక్కువ పనికొస్తుంది. గాజు మీద ఒక పొర ట్యూబులు పెరిగాక వాటి మీద రెండో విడత కణాలు వేస్తే, పై పొర ట్యూబులకు గీతలు వచ్చాయి. కింది పొరకు రాలేదు. కింది ట్యూబులే పై వాటికి కండరమంత మెత్తని పరుపయ్యాయి. పాలియాక్రిలమైడ్ జెల్ పోయడం, దాని మీద కొలాజెన్ అతికించడం, ప్రతి విడతా మెత్తదనం కొలవడం వీలైనవారు అలాగే చేయాలి. కొలతలు కావలసిన ప్రయోగానికి అదే సరైన దారి. గట్టిపడని అక్రిలమైడ్ ద్రావణం నరాలకు విషమన్న సంగతి మరచిపోకుండా గ్లవ్స్ వేసుకోండి. గీతలు చూడటమే ఉద్దేశమైతే రెండు పొరల పద్ధతి చాలు. నేను పాటించే తీరు ఇది.

గాజు అడుగున్న 35 మిల్లీమీటర్ల డిష్‌కు 0.1 శాతం జెలటిన్ పూసి, అరగంట తరువాత తీసేసి, సుమారు 2 లక్షల కణాలు వేస్తాను. రెండు రోజుల్లో అడుగు పూర్తిగా నిండుతుంది. అప్పుడు దూడ సీరం తీసేసి 2 శాతం గుర్రపు సీరం ఉన్న మీడియం పోస్తాను. పెంచే సీరంలోని వృద్ధి కారకాలు తగ్గగానే మయోడీ, మయోజెనిన్ వంటి ప్రోటీన్లు కణాన్ని విభజన నుంచి కండరపు దారికి మళ్లిస్తాయి. పక్కపక్క కణాల బయటి పొరలు కలిసిపోవడానికి మయోమేకర్, మయోమిక్సర్ అనే ప్రోటీన్లు కావాలి. ఇవి 2013, 2017 సంవత్సరాల్లో వెలుగులోకి వచ్చాయి. నాలుగో రోజున మొదటి పొర ట్యూబుల మీద తాజాగా లేపిన లక్ష కణాలను దూడ సీరం మీడియంలో నెమ్మదిగా చల్లి, ఒక రోజు కుదురుకోనిచ్చి, మళ్లీ గుర్రపు సీరానికి మారుస్తాను. పై పొర కణాలకు వేయకముందే సజీవ కణాల బయటి పొరకు పట్టే రంగు పెట్టుకుంటే తరువాత ఏది పైది, ఏది కిందిది అనే తికమక ఉండదు. కొన్ని కొత్త కణాలు కింది ట్యూబులలోనే కలిసిపోతాయి; అది సహజం.

ఇక్కడి నుంచి కావలసింది ఓపిక. మీడియం రోజు విడిచి రోజు, మొత్తం కాకుండా సగం మాత్రమే, డిష్ గోడ వెంట జారవిడుస్తూ మార్చాలి. పిపెట్ ధార ట్యూబుల మీద నేరుగా పడితే చాప చుట్టినట్టు పొర మొత్తం లేచిపోతుంది. ఆరేడు రోజులకు కొన్ని ట్యూబులు వాటంతట అవే అదరడం మొదలుపెడతాయి: చూస్తుండగా ఒకటి చటుక్కున ముడుచుకుని, మెల్లగా సాగి, కొన్ని సెకన్లకు మళ్లీ ముడుచుకుంటుంది. మొదటిసారి చూసినప్పుడు బల్ల ఎవరో కదిపారనుకుని పక్కవాళ్లను కసిరాను. అదిరే ట్యూబులే తరచుగా ఊడిపోతాయి కూడా. ఎంతకీ ఊడని ప్రశాంతమైన డిష్‌ను చూసి మురిసిపోనక్కర్లేదు.

అదురు సరిపోకపోతే విద్యుత్ స్పందనలు ఇవ్వవచ్చు. కార్బన్ ఎలక్ట్రోడ్ల మధ్య సెంటీమీటరుకు 4, 5 వోల్టులకు మించకుండా, సెకనుకు ఒకసారి, రెండు మిల్లీసెకన్ల పాటు ఇచ్చే స్పందనలతో ఒక పగలూ రాత్రీ నడిపితే సరిపోతుంది. ఇలాంటి ప్రేరణ సీ2సీ12 ట్యూబులలో సార్కోమియర్ల అమరికను త్వరపరుస్తుందని జపాన్ పరిశోధకులు 2007లో చూపారు. విద్యుత్తు వల్ల మీడియం పాడవుతుంది కనుక, ఆపిన వెంటనే మార్చాలి. అలాగే పక్కన స్పందనలు ఇవ్వని డిష్ ఒకటి, బ్లెబ్బిస్టాటిన్ 10 మైక్రోమోలార్ వేసిన డిష్ ఒకటి ఉంచుకోండి. బ్లెబ్బిస్టాటిన్ మయోసిన్ లాగుడును ఆపేస్తుంది. ప్రోటీన్లన్నీ ఉన్నా లాగుడు లేకపోతే గీతలు ఏమవుతాయో ఆ డిష్ కళ్లకు కట్టిస్తుంది. మందు కడిగేశాక అమరిక మళ్లీ మొదలవుతుంది కూడా. నీలి కాంతికి ఆ మందు చెడిపోయి కణాలకు హాని చేస్తుంది, కాబట్టి డిష్‌కు ఫాయిల్ చుట్టి ఉంచాలి.

గీతలా, చుక్కలా?

ఫిక్స్ చేసే క్షణంలో ట్యూబు ముడుచుకుంటే సార్కోమియర్ల పొడవు తప్పుగా వస్తుంది. అందువల్ల ఫార్మాల్డిహైడ్ పోయడానికి పది నిమిషాల ముందు బ్లెబ్బిస్టాటిన్ వేసి సడలనివ్వండి. తరువాత 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో పదిహేను నిమిషాలు, 0.2 శాతం ట్రైటన్‌లో పది నిమిషాలు, ఆపై ప్రతిరక్షకాలు ఎక్కడపడితే అక్కడ అంటకుండా బీఎస్ఏ ప్రోటీన్‌తో బ్లాకింగ్. ఆల్ఫా-ఆక్టినిన్‌కు సార్కోమియర్ రకాన్ని మాత్రమే గుర్తించే ప్రతిరక్షకం, మయోసిన్‌కు ఎంఎఫ్20, ఆక్టిన్‌కు ఫాలాయిడిన్, కేంద్రకాలకు డాపీ వేస్తే కథ మొత్తం ఒకే చిత్రంలో కనిపిస్తుంది.

ఇప్పుడు తొందరపడకూడని చోటు. ఆల్ఫా-ఆక్టినిన్ చుక్కలు వరసగా కనిపించినంత మాత్రాన సార్కోమియర్లు వచ్చాయని రాసేయకండి. మామూలు కణాల ఒత్తిడి తంతువులలోనూ ఆ ప్రోటీన్ చుక్కలుగానే ఉంటుంది. తొలి దశ కట్టలలోనూ అంతే. తేడా ఎడంలో ఉంది. ఇమేజ్‌-జె సాఫ్ట్‌వేర్‌లో తంతువు వెంట ఒక గీత గీసి, ప్రకాశం హెచ్చుతగ్గుల రేఖను తీసి, వరసగా పది ఎడాలు కొలవండి. పది ఎడాలు కలిపి 22.4 మైక్రోమీటర్లు వస్తే సగటు 2.24, ఎడాలన్నీ దానికి దగ్గరగా ఉంటే అవి సార్కోమియర్లు. మొత్తం 9 వచ్చి, ఒక ఎడం 0.6, పక్కది 1.3 ఉంటే అది ఇంకా తొలి దశే. ఆ ఎడాలలో ఎంఎఫ్20 నిండుగా ఉండి, చుక్కల దగ్గర ఖాళీ ఉందా అని కూడా చూడాలి. మంచి ఆబ్జెక్టివ్ 0.25 మైక్రోమీటర్ల వరకు విడదీసి చూపగలదు, కనుక 2 మైక్రోమీటర్ల గీత కనిపించకపోతే తప్పు సూక్ష్మదర్శినిది కాదు. పై పొరకు ఫోకస్ పెట్టడం మరవకండి. అడుగున చూసి గీతలు లేవని నిరాశపడినవాళ్లను చూశాను.

బలం పక్కకు కూడా పోతుంది

మయోసిన్ తల ఒక్కోసారి 5 నుంచి 10 నానోమీటర్లు లాగుతుంది, ఒక్కో తల బలం కొన్ని పికోన్యూటన్లే. కాల్షియం వచ్చి ఆక్టిన్ తంతువు మీది ట్రోపోనిన్‌ను తాకితేనే ఆక్టిన్ మీద మయోసిన్ తలకు చోటు దొరుకుతుంది. ఇన్ని కోట్ల తలల లాగుడు జెడ్ గీత నుంచి జెడ్ గీతకు, అలా ట్యూబు కొసలకు చేరుతుందని అందరికీ తెలుసు. పక్కలకూ చేరుతుందని సిబిల్ స్ట్రీట్ 1983లో కప్ప కండరం మీద చూపారు. జెడ్ గీతల చుట్టూ డెస్మిన్ అనే తంతువులు పక్క కట్టలను కలుపుతూ కణ పొర దాకా వెళ్తాయి. అక్కడ జెడ్ గీతలకు ఎదురుగా పట్టీల్లా అమరిన అతుకులను కోస్టమియర్లు అంటారు. ఆ అతుకులలో ఒక జట్టు టాలిన్, విన్‌క్యులిన్, ఇంటెగ్రిన్. మరో జట్టు డిస్ట్రోఫిన్, డిస్ట్రోగ్లైకాన్. రెండూ పొరను దాటి బయటి లామినిన్‌ను పట్టుకుంటాయి. డిస్ట్రోఫిన్ కండర ప్రోటీన్లలో 0.002 శాతమే. 1987లో దాన్ని గుర్తించాక తేలినదేమిటంటే, డుషెన్ వ్యాధి ఉన్న పిల్లల్లో లోపించేది ఆ పిసరంత ప్రోటీనే. అది లేక పొర ప్రతి లాగుడుకూ చిరుగుతూ పోతుంది.

మీ డిష్‌లో దీన్ని చూడాలంటే విన్‌క్యులిన్‌కు, ఆల్ఫా-ఆక్టినిన్‌కు రెండు రంగులు వేసి, ట్యూబు నడుమ కాక కణ పొర అంచు మీద ఫోకస్ పెట్టాలి. పక్వమైన ట్యూబులో విన్‌క్యులిన్ పట్టీలు జెడ్ గీతలతో ఎడం కలుపుకుని ఉంటాయి. కొసల దగ్గర మాత్రమే పెద్ద మచ్చలుగా ఉండి పక్కల ఏమీ లేకపోతే, ఆ ట్యూబు ఇంకా కొసలతోనే లాగుతోందని అర్థం. సీ2సీ12లో కోస్టమియర్లు గీతల కంటే ఆలస్యంగా, తక్కువగా వస్తాయి కనుక, ఏడో రోజునే కనిపించాలని పట్టుబట్టకండి.

బలాన్ని కొలవాలంటే కణాలను జెల్‌లో కలిపి రెండు పీడీఎంఎస్ (సిలికోన్ రబ్బరు) స్తంభాల మధ్య పోస్తారు. జెల్ బిగుసుకుని స్తంభాలను వంచుతుంది. లెక్క తేలికే. స్తంభం గట్టిదనాన్ని మూడు రెట్లు చేసి, దాని అడ్డుకోత జడత్వంతో గుణించి, ఎత్తు ఘనంతో భాగిస్తే స్ప్రింగు స్థిరాంకం వస్తుంది. గట్టిదనం 2 మెగాపాస్కల్స్, మందం ఒక మిల్లీమీటరు, ఎత్తు 10 మిల్లీమీటర్లు అయితే ఆ స్థిరాంకం మీటరుకు 0.29 న్యూటన్. కొస 100 మైక్రోమీటర్లు వంగితే బలం 29 మైక్రోన్యూటన్లు. మందం నాలుగో ఘాతంలో వస్తుంది కనుక, అచ్చులో పది శాతం తేడా ఫలితాన్ని దాదాపు సగం మేర మార్చేస్తుంది. ప్రతి స్తంభాన్నీ విడిగా కొలవండి. ఇక ఆ వంపులో ఎంత భాగం మయోసిన్‌ది, ఎంత భాగం బిగుసుకున్న జెల్‌ది అనే ప్రశ్న మిగులుతుంది. చివర్లో బ్లెబ్బిస్టాటిన్ వేసి అరగంట ఆగండి. స్తంభం ఎంత మేర వెనక్కి నిటారుగా నిలబడిందో అంతే కణాలు లాగిన బలం. తక్కినది జెల్ ఖాతాలో రాయాలి.